వేసవిలో పుస్తకాల కొట్లు పిల్లలకు తెరవాలి

ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. నడుమ ఏడు వారాలు. తుని చుట్టుపక్కల పల్లెల్లో ఈ ఏడు వారాలూ పెద్దలకు ఊపిరి సలపని రోజులు. మామిడి కోతలు, జీడిపిక్కల ఏరుడు, తమలపాకు తోటలకు తడులు, ఆపైన పెళ్ళిళ్ళు, లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుబళ్ళు, అన్నవరం ప్రయాణాలు. తెల్లవారకముందే చిక్కాలు, గంపలు పట్టుకుని తోటకు వెళ్ళిన తల్లిదండ్రులు పొద్దెక్కాక గాని ఇల్లు చేరరు. ఇంటి దగ్గర పిల్లలు ఏం చేస్తున్నదీ చూసేవారెవరు? కాస్త పెద్దవాళ్ళు పెద్దల వెంట తోటకు పోతారు. చిన్నవాళ్ళు వీధులు కొలుస్తారు. ఎండ ముదిరితే సెల్‌ఫోను చుట్టూ మూగుతారు. లేదంటే తాండవ నదిలోనో, ఊరి చెరువులోనో, తోటలోని నేలబావిలోనో దిగుతారు. ఈతకు దిగిన పిల్లలు తిరిగి రాలేదన్న వార్త లేకుండా మే నెల గడవడం మన ప్రాంతంలో అరుదు.

ఆ ప్రమాదం కంటికి కనిపిస్తుంది కాబట్టి నాలుగు రోజులు దాని గురించి మాట్లాడుకుంటాం. కనిపించని నష్టం మరొకటి ఉంది. ఏప్రిల్‌లో కూడబలుక్కుని పాఠం చదవగలిగిన పిల్లవాడు జూన్‌లో అదే పాఠం దగ్గర ఆగిపోతాడు. రెండో తరగతి, మూడో తరగతి పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అక్షరం చేతికి వచ్చీ రాని వయస్సు అది. గుణింతాలు, ఒత్తులు నోట నానుతున్న సమయంలో ఏడు వారాల విరామం వస్తే, మళ్ళీ మొదటి నుంచి దిద్దించాల్సిన పని ఉపాధ్యాయుల మీద పడుతుంది. ఇంట్లో చదువుకున్నవారున్న పిల్లలకు ఈ నష్టం అంతగా తగలదు. వాళ్ళ చేతికి ఏదో ఒక పుస్తకం అందుతుంది. దెబ్బ తినేది కూలికి వెళ్ళే ఇంటి పిల్లలే.

ఇది ఊహాగానం కాదు. ప్రథమ్ సంస్థ పూనికతో గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి జరిపే అసర్ సర్వే 2022లో తేల్చిన లెక్క ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2018లో నూటికి 22.6 మంది. 2022 నాటికి ఆ సంఖ్య 10.3కు దిగజారింది. అంటే పదిమందిలో ఒకరు. కరోనా కారణంగా బడులు మూతపడిన కాలం చేసిన పని ఇది. 2024 నాటి సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లలు కొంత కోలుకున్నారు. 2022లో 16.3గా ఉన్నది 23.4 శాతానికి పెరిగింది. సంతోషించవలసినదే. అయినా నలుగురిలో ముగ్గురికి తన కింది తరగతి పాఠం చదవడం రాదన్న మాట అలాగే నిలిచి ఉంది. కరోనా ఒకసారి వచ్చి పోయింది. వేసవి సెలవు ఏటా వస్తుంది.

సెలవులు వద్దనడం లేదు. మన ఎండల్లో రేకుల గదుల కింద పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పమనడం పాపం. కొన్ని ప్రైవేటు పాఠశాలలు వేసవి తరగతుల పేర చేస్తున్నది అదే. పిల్లలకు కావలసింది పాఠం కాదు, పుస్తకం. పరీక్ష లేని పుస్తకం. చదివినా చదవకపోయినా ఎవరూ కేకలేయని పుస్తకం.

అటువంటి ఏర్పాటు ప్రభుత్వపరంగా కొంత ఉంది. రాష్ట్రంలోని పౌర గ్రంథాలయాల్లో కొన్నేళ్ళుగా వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతున్నాయి. కథలు చదివిస్తారు, చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చదరంగం ఆడిస్తారు, ఇంగ్లీషులో నాలుగు మాటలు పలికిస్తారు. పైసా తీసుకోరు. తీసుకోకూడదు కూడా. ఎందుకంటే ఆ పైసా మనం ముందే ఇచ్చాం. ఇంటిపన్ను రశీదులో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టాన్ని అనుసరించి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేస్తున్నారు. పూరింటివాడూ మేడ ఇంటివాడూ కట్టే పన్ను ఇది. వసూలైన సెస్సును పంచాయతీలు, పురపాలక సంఘాలు సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఇప్పటిది కాదు. మన సెస్సు మన పిల్లవాడి పుస్తకంగా మారుతున్నదా లేదా అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి ఇంటివారికీ ఉంది. అడిగేవారే తక్కువ.

శిబిరాలు మంచివి. తుని పట్టణంలో గ్రంథాలయానికి నడిచి వెళ్ళగలిగిన పిల్లలు తప్పక వెళ్ళాలి. అయితే గ్రంథాలయం ఒక్కటే ఈ భారమంతా మోయలేదు. సిబ్బంది కొద్దిమంది. వాళ్ళకు పత్రికలు చదివేవారూ, పోటీ పరీక్షలకు తయారయ్యే నిరుద్యోగులూ కూడా కావాలి. అక్కడ చాలని చోట మరొకరు తోడు రావాలి. ఆ తోడు రాదగినవారు పుస్తకాల కొట్ల యజమానులు. వారితో మాట్లాడడానికే ఈ నాలుగు మాటలూ.

మన పట్టణాల్లో పుస్తకాల కొట్టు అంటే ఏమిటో అందరికీ తెలిసిందే. ముందు కౌంటరు, వెనక అలమరలు. కౌంటరుకు ఇవతల మనం, అవతల పుస్తకం. పిల్లవాడికి కౌంటరు గడ్డం దాకా వస్తుంది. వాడు ఏ పుస్తకాన్నీ చేత్తో ముట్టుకోలేడు. తండ్రి చీటీ అందిస్తాడు, గుమాస్తా కట్ట కట్టి ఇస్తాడు. నోటుపుస్తకాలు, అట్టలు, లేబుళ్ళు, జామెట్రీ పెట్టె. జూన్‌లో ఒక పదిహేను రోజులు నిలబడడానికి చోటుండదు. మే నెలలో అదే కొట్టులో ఫ్యాను కింద యజమాని ఒక్కడే కూర్చుని ఉంటాడు.

పైగా ఈ వ్యాపారం కిందటి తరం నాటిది కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు ఉచితం. 2020లో జగనన్న విద్యాకానుక పేరిట నోటుపుస్తకాలు, సంచి కూడా చేరాయి. 2025 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో ఆ కిట్టు అందుతోంది. పేదింటి పిల్లలకు ఇది మేలు, ఆక్షేపించవలసింది లేదు. ప్రైవేటు బడుల సంగతి చూస్తే, చాలా చోట్ల పుస్తకాలు బడిలోనే అమ్ముతున్నారు. ఇక పుస్తకాల కొట్టుకు మిగిలిందేమిటి? జిరాక్సు, పెన్నులు, పోటీ పరీక్షల గైడ్లు. కథల పుస్తకం కోసం కొట్టుకు వచ్చే పిల్లవాడు దాదాపు కనుమరుగయ్యాడు. వాడు రాకపోతే రేపు పెద్దయ్యాక కూడా రాడు. కనుక మేము చేస్తున్న సూచనలో దానధర్మం ఎంత ఉన్నదో వ్యాపారపు ముందుచూపూ అంత ఉంది.

సూచన ఇది. మే నెలలో, వీలైతే ఏప్రిల్ చివరి నుంచే, రోజుకు రెండు గంటలు కొట్టు ముందుభాగం పిల్లలకు వదలాలి. ఉదయం 8 నుంచి 10 దాకా అయితే ఎండ బాధ ఉండదు, బేరాలకు అడ్డం రాదు. రెండు చాపలు, ఒక బల్ల, మంచినీళ్ళ కుండ. బల్ల మీద నలభై, యాభై కథల పుస్తకాలు అట్టలు కనిపించేలా పరచాలి. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోనివ్వాలి. ఇరవై మంది పిల్లలు వస్తే చాలు. ఒకరు గట్టిగా చదువుతారు, చుట్టూ కూర్చున్నవాళ్ళు వింటారు. చదవడం రానివాడు బొమ్మలు చూస్తాడు. చూడనివ్వాలి. నాలుగు రోజులు బొమ్మలు చూసినవాడు అయిదో రోజు బొమ్మ కింద ఏమి రాశారని అడుగుతాడు.

ఖర్చు ఎంత? పిల్లల పుస్తకం ఒక్కొక్కటి సగటున 50 రూపాయలు వేసుకున్నా నలభై పుస్తకాలకు 2 వేలు. తెలుగులో పిల్లల పుస్తకాలే లేవని కొందరంటారు. అది తెలియక అనే మాట. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేరున తెలుగులోనూ వేస్తున్నది. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ 2004 నుంచి పిల్లల కోసమే పుస్తకాలు వేసి, సామాన్యులు కొనగల ధరలకు ఇస్తోంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అని ఒకటి మొదలుపెట్టారు. అందులోని తెలుగు కథలను ఎవరైనా ఉచితంగా దింపుకుని అచ్చు తీసుకోవచ్చు. జిరాక్సు యంత్రం ఉన్న కొట్టుకు ఇంతకంటె చౌక సరుకు ఏముంది? పదహారు పేజీల కథ తీసి నడుమ స్టేపుల్ కొడితే ఒక పుస్తకం తయారు. ఆ కొట్టేదేదో పిల్లల చేతే కొట్టిస్తే వాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటారు.

ఏ పుస్తకం చదవాలో పిల్లవాడే ఎంచుకోవాలన్న మాట మీద ఇంకాస్త చెప్పాలి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో రిచర్డ్ అలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాంజెన్ అనే విద్యా పరిశోధకులు పేదపిల్లలు ఎక్కువగా చదివే 17 పాఠశాలల్లో ఒక ప్రయత్నం చేశారు. వేసవి సెలవులకు ముందు పుస్తకాలు పరిచి, మీకు నచ్చినవి 12 తీసుకోండి అన్నారు. అవి వాళ్ళ సొంతం. పరీక్ష లేదు, తిరిగి ఇవ్వనక్కరలేదు. మూడు వేసవులు ఇలాగే చేశారు. పుస్తకాలు అందుకున్న పిల్లలు అందుకోని పిల్లల కంటె చదవడంలో ముందుకు వెళ్ళారని 2010లో ప్రకటించారు. మరీ పేద ఇళ్ళ పిల్లలకు మరింత మేలు జరిగింది. పిల్లలు ఏరుకున్నవాటిలో సినిమా తారల గురించి, ఆటగాళ్ళ గురించి రాసిన పుస్తకాలు ఎక్కువట. పెద్దలు ముక్కు చిట్లించే పుస్తకాలే. అయినా పని చేశాయి. మన పిల్లవాడు క్రికెట్ పుస్తకం పట్టుకుంటే వేమన పద్యాల పుస్తకం చేతిలో పెట్టి అది లాక్కోకండి. వేమన ఎక్కడికీ పోడు.

ఆ దేశంలోనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పేరుతో ఊరూరా పుస్తకాల దుకాణాలున్నాయి. వేసవిలో ఎనిమిది పుస్తకాలు చదివి, వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి తెచ్చిన బడిపిల్లవాడికి వాళ్ళు ఒక పుస్తకం ఊరికే ఇస్తారు. ఆ ఎనిమిదీ తమ కొట్టులో కొన్నవే కానక్కరలేదు. గ్రంథాలయంలో చదివినా సరే. వాళ్ళేమీ ధర్మసత్రం నడపడం లేదు, లాభాల కోసం పెట్టిన సంస్థే. పిల్లవాడు పుస్తకం కోసం కొట్టులో అడుగు పెట్టడం ముఖ్యమని వాళ్ళు కనిపెట్టారు. తునిలో ఒక వర్తకుడు ఇరవై మంది పిల్లలకు ఈ లెక్కన పుస్తకాలిస్తే వెయ్యి రూపాయలు. జూన్‌లో ఆ ఇరవై మంది తల్లిదండ్రులు నోటుపుస్తకాలు ఎక్కడ కొంటారో వేరే చెప్పాలా?

ఇంత దూరం పోయి ఉదాహరణలు తెచ్చుకోవలసిన అగత్యం మనకు నిజానికి లేదు. రాజమండ్రిలో 1898లో, ఇరవై ఏళ్ళయినా నిండని నాళం కృష్ణారావు తన గురువు వడ్డాది సుబ్బారాయుడి పేరున వసురాయ గ్రంథాలయం పెట్టారు. నేటి గౌతమీ గ్రంథాలయానికి మూలం అదే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగితే అధ్యక్షత వహించినవారు మన చిలకమర్తి లక్ష్మీనరసింహం. సర్కారు చట్టం 1960లో వచ్చింది. దానికి అరవై ఏళ్ళ ముందే జనం చందాలు వేసుకుని పుస్తకాలు కొనుక్కున్నారు. 1935లో పాతూరి నాగభూషణం మరో అడుగు వేసి పుస్తకాలను పడవకెక్కించారు. కృష్ణా కాలువ మీద కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా పుస్తకాల పడవ తిరిగింది. ప్రయాణికులు పడవలో చదువుకునేవారు, ఒడ్డున ఊళ్ళవారు తీసుకుని చదివి ఇచ్చేవారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు పోవాలని ఆనాడు తెలిసింది.

వర్తకులూ ఈ పని చేయకపోలేదు. 1970, 80లలో మన పట్టణాల్లో అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. రోజుకు పది పైసలో, పావలాయో. డిటెక్టివు నవలల మధ్య చందమామలు, బాలమిత్రలు వేలాడేవి. డబ్బు లేని పిల్లవాడు కొట్టు పక్క అరుగు మీద కూర్చుని చదివి ఇచ్చేసినా చూసీ చూడనట్టు ఊరుకునే యజమానులుండేవారు. విశాలాంధ్ర వారి కొట్లలో, సంచార వాహనంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలు రంగురంగుల బొమ్మలతో, గట్టి అట్టలతో కారుచౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ పోయాయి. 1947 జులైలో మొదలైన చందమామ కూడా 2013 నాటికి ఆగిపోయింది. అద్దె కొట్లు టీవీ వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈనాడు యాభై దాటినవారిలో పుస్తకం చదివే అలవాటున్నవారిని కదిపి చూడండి. ఆ అలవాటు బడిలో అబ్బిందని చెప్పేవారు తక్కువ. అద్దె కొట్టు అరుగు పేరో, రైల్వే స్టేషను బుక్‌స్టాలు పేరో చెబుతారు.

ఇక వర్తకుల అభ్యంతరాలు. పుస్తకాలు మాసిపోతాయి, ఎవరు కొంటారు? నిజమే. అమ్మకపు సరుకు ముట్టుకోనివ్వక్కరలేదు. పిల్లలకని విడిగా ఒక్కో ప్రతి పెట్టండి, మాసిపోవడానికే అవి. దొంగతనం? నలభైలో నాలుగు పోవచ్చు. బియ్యం వర్తకుడికి ఎలుకలు తినేదాంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. పైగా పుస్తకం దొంగిలించిన పిల్లవాడు దాన్ని చదవడానికే దొంగిలిస్తాడు. ఎవరు చూసుకుంటారు? ఇది సరైన ప్రశ్న. యజమానికి తీరిక ఉండదు, గుమాస్తాకు ఓపిక ఉండదు. ఊళ్ళో విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. డిగ్రీ చదివి సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు ఉన్నారు. వారానికి ఒక్క ఉదయం ఒక్కొక్కరు ఇస్తే ఆరుగురితో వారం నిండుతుంది. పిల్లలకు ఏమీ బోధించకూడదన్నది ఒక్కటే వాళ్ళకు పెట్టవలసిన షరతు. విశ్రాంత ఉపాధ్యాయులకు ఈ షరతు కొంచెం కష్టం. అయినా తప్పదు.

మరో హెచ్చరిక కూడా అవసరం. మే నెల వచ్చిందంటే ప్రైవేటు విద్యాసంస్థల తరఫున అడ్మిషన్ల కోసం తిరిగేవాళ్ళు పల్లెపల్లెకూ వస్తారు. పదిమంది పిల్లలు ఒకచోట చేరినట్టు తెలిస్తే అక్కడ వాలతారు. సమోసా, టోపీ, రంగుల కరపత్రం, తండ్రి ఫోను నంబరు. అటువంటివారిని గుమ్మం దగ్గరే ఆపాలి. ఆ కొట్టులో అమ్మే గైడ్ల ప్రచారం కూడా ఆ రెండు గంటలూ పనికిరాదు. ఉచితం అని పిలిచి చివర ఏదో ఒకటి కొనిపిస్తే పల్లెవాళ్ళు రెండోసారి రారు.

చదువుతోపాటు చేతిపని కూడా ఉంటే పిల్లలు నిలబడతారు. దానికీ మన చుట్టుపక్కల వనరులకు కొదవలేదు. పాయకరావుపేట దాటి విశాఖ దారిన కొంత దూరం పోతే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో చెట్టు రంగులు అద్ది చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఢిల్లీ దాకా పేరున్న ఆ బొమ్మ ఎలా తయారవుతుందో ఇరవై మైళ్ళ లోపు పిల్లలు చూసి ఉండరు. ఒక కళాకారుడిని దారిఖర్చులిచ్చి ఒక పూట పిలిస్తే చాలు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఒక దీపం, ఒక తెర, రెండు బొమ్మలు తెచ్చినా పిల్లలకు రామాయణం మీద ఆసక్తి పుడుతుంది. మర్నాడు బల్ల మీద రామాయణం పుస్తకం పెట్టడం మరవకూడదు. ఇవేవీ కుదరకపోతే ఊళ్ళో ముసలమ్మలు ఉండనే ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గర పుస్తకాలకెక్కని కథలు పదైనా ఉంటాయి. ఆమె చెబుతుంటే పిల్లలు రాసుకుంటే, పదహారు పేజీల పుస్తకం మరొకటి సిద్ధమవుతుంది.

ఇప్పుడు పల్లెల సంగతి. తునిలో కొట్టు తెరిస్తే హంసవరం పిల్లకో, తేటగుంట పిల్లవాడికో, కోటనందూరు అవతలి ఊళ్ళవారికో ఏం ఒరిగింది అని అడగవచ్చు. ఆడపిల్లల వరకు ఒక సౌకర్యం వచ్చింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు. తల్లి తుని బజారు పని చూసుకునే రెండు గంటలూ కూతురు పుస్తకాల దగ్గర ఉండవచ్చు. పన్నెండేళ్ళలోపు మగపిల్లలకు అరటిక్కెట్టు. ఇంతకాలం చదువు కోసం బస్సెక్కించడంలో వెనకబడ్డది ఆడపిల్ల. ఈ ఒక్క పనిలో ముందు నడిచే వీలు ఆమెకు కలిగింది. బస్సు చార్జీ సాకు ఇక చెల్లదు.

అయినా రోజూ బస్సెక్కి రాగలవారు కొద్దిమందే. మిగిలినవారి కోసం పడవ పద్ధతే పాటించాలి. ముప్ఫయి పుస్తకాలు సర్దిన ఒక రేకు పెట్టె వారానికొక ఊరు చొప్పున తిరగవచ్చు. తుని నుంచి పల్లెలకు రోజూ సరుకు ఆటోలు పోతూనే ఉంటాయి. కిరాణా సామానుతోపాటు ఒక పెట్టె భారం కాదు. ఊళ్ళో రామాలయం అరుగు మీదనో, మామిడి తోటలో కాయలు పోసే పాక కిందనో ఆ పెట్టె తెరిచి పెడితే తోటకు వచ్చిన కూలీల పిల్లలకు కూడా అందుతుంది. పెట్టె ఖర్చు పంచాయతీ భరించవచ్చు. మామిడి వ్యాపారులు తలచుకుంటే ఒక్క లారీ కాయ మీద వచ్చే దాంట్లో ఎన్ని పెట్టెలైనా నిండుతాయి.

తుని కొట్లకు మరో అవకాశం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు తుని కాకినాడ జిల్లాలోకి వచ్చింది, తాండవ అవతలి ఒడ్డున ఉన్న పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి పోయింది. అంతకుముందూ అవి వేరు వేరు జిల్లాలే. గ్రంథాలయ సంస్థలు జిల్లా లెక్కన నడుస్తాయి గనుక శిబిరాల పిలుపులూ ఆ గీత దగ్గరే ఆగుతాయి. బేరానికి వచ్చేవాళ్ళను మాత్రం ఏ కొట్టువాడూ నీది ఏ జిల్లా అని అడగడు. వంతెన దాటి వచ్చే పిల్లలకు కూడా ఈ చాప మీద చోటుండాలి.

ఇక పని మొదలయ్యే తీరు. ఒకే కొట్టు భుజాన వేసుకోనక్కరలేదు. నలుగురు వర్తకులు కలిసి ఒక్కొక్కరు ఒక్కో వారం తీసుకోవచ్చు. గ్రంథాలయాధికారితో ముందుగా మాట్లాడుకుంటే శిబిరం వేళలకు అడ్డం రాకుండా చూసుకోవచ్చు, కొన్ని పుస్తకాలు అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఏ వారం, ఏ కొట్టు, ఏ వేళ అన్నది మార్చి నెలలోనే తేల్చి చీటీ మీద రాసి మండలంలోని ప్రతి బడికీ పంపాలి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు ఉంటాయి కనుక ప్రధానోపాధ్యాయులు ప్రార్థన సమయంలో ఆ చీటీ చదివి వినిపించడానికి వ్యవధి ఉంటుంది. ఏప్రిల్ నాలుగో వారంలో బడికి తాళం పడిన తరువాత పల్లె పిల్లవాడికి కబురు చేర్చే దారి ఉండదు.